నేతపడుచు చుక్కను ఎత్తుకెళ్లిందెవరు?

"ఈ భూమండలం మీద తేలని కేసంటూ ఒకటి ఉందంటే, అది ఇంకా ఖో షిలియాంగ్ చెవిన పడలేదని అర్థం" అని ఖో షిలియాంగ్ ప్రకటించాడు.

ప్రకటించేటప్పుడు అతని చేతిలో సగం తిన్న అరటిపండు ఉంది. సభలో శ్రోత ఒక్కడే. ఆ ఒక్కడూ తల వంచుకుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు.

"ముందు ఆ పండు తినెయ్యి. ఈగలు ముసురుతున్నాయి" అన్నాడు శ్రోత.

"దీన్ని వృక్షశాస్త్రంలో బెర్రీ అంటారు. స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదు. పైకి కనిపించేదాన్ని నమ్మకూడదు లాయ్. డిటెక్టివుకి అది మొదటి పాఠం."

లాయ్ ముషాన్ దారం కొరికి ముడి వేశాడు. దక్షిణాదిన జియాయీ ఊళ్లో మందుల దుకాణం నడిపి, దాన్ని మేనల్లుడికి అప్పగించి, ఇంటి పట్టున ఉంటున్న మనిషి. భార్య పీషియా పోయి నాలుగేళ్లయింది. గుండీలు కుట్టుకోవడం ఆ తర్వాతే నేర్చుకున్నాడు. మొదట్లో గుండీని చొక్కాతో పాటు తను తొడుక్కున్న ప్యాంటుకి కూడా కలిపి కుట్టేసేవాడు. ఇప్పుడు ఫరవాలేదు.

ఖో సంగతి వేరు. ఉత్తరాన కీలుంగ్ రేవులో ముప్ఫై ఏళ్లు తపాలా కార్యాలయంలో ఉత్తరాల మీద ముద్ర కొట్టాడు. ఎదురుగా గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. ప్రతి కాగితం వెనకా ఒక వింత విశేషం అచ్చువేసి ఉండేది. చింపడం, చదవడం, బట్టీ పట్టడం. ఆక్టోపస్‌కి మూడు గుండెలని, శుక్రగ్రహం మీద రోజు అక్కడి ఏడాది కన్నా పొడుగని, శనిగ్రహాన్ని ముంచేంత పెద్ద చెరువుంటే అది మునగకుండా తేలుతుందని, సమాధుల్లో వేల ఏళ్లున్న తేనె కూడా చెడిపోలేదని అతనికి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత వచ్చు. అడక్కపోయినా చెప్పేవాడు. అందుకే పెళ్లి కాలేదని కీలుంగ్‌లో అనుకునేవారు.

ఉద్యోగ విరమణ అయ్యాక, పోయిన నెలలో, కుర్రతనంలో సైన్యంలో ఒకే గుడారంలో పడుకున్న స్నేహితుణ్ని వెతుక్కుంటూ వచ్చి లాయ్ ఇంటి పైగదిలో దిగాడు. దిగిన మూడో రోజున వీధి గుమ్మానికి బోర్డు కట్టాడు. "ఖో షిలియాంగ్, రహస్య భేదకుడు. మేడ మీదికి రండి. మెట్టు ఒకటి విరిగింది, జాగ్రత్త." మొదటి కేసు లాయ్ కళ్లజోడు మాయం కావడం. అనుమానితులు ఏడుగురు తేలారు. కళ్లజోడు మాత్రం ఖో ముక్కు మీదే దొరికింది. నేరస్థుణ్ని అంత దగ్గరగా గమనించిన డిటెక్టివు చరిత్రలో లేడని అతనన్నాడు.

ఆ ఉదయం మేడ మెట్లు ఎక్కి వచ్చింది షియావ్ అక్క. విరిగిన మెట్టు మీదే కాలు వేసింది, నిలదొక్కుకుంది. ఊరి నక్షత్రశాల నడిపేది ఆవిడే. టిక్కెట్లు చింపేదీ, యంత్రం తిప్పేదీ, చీకట్లో మైకు పట్టుకుని చుక్కల కథలు చెప్పేదీ అన్నీ ఆవిడే.

"లాయ్ అన్నయ్యా, మీ దగ్గరికే వచ్చాను" అంది. తర్వాత మర్యాద కోసం ఖో వైపు తిరిగి, "ఖో గారూ, మీరూ వినండి" అంది.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. వారం రోజులుగా నక్షత్రశాల ఆకాశంలో ఒక చుక్క మాయమవుతోంది. అదీ అలాంటిలాంటి చుక్క కాదు, నేతపడుచు చుక్క. దీపాలు ఆర్పగానే చక్కగా వెలుగుతుంది. కాసేపయ్యాక ఆరిపోతుంది. దీపాలు వేసి చూస్తే ఏ లోపమూ కనపడదు. అద్దం తుడిచింది, బల్బు మార్చింది, యంత్రాన్ని బతిమాలింది కూడా. ఎల్లుండి చాంద్రమానం లెక్కన ఏడో నెల ఏడో రోజు. పాలపుంతకి చెరో ఒడ్డునా విడిపోయిన నేతపడుచూ గోవులకాపరీ గోరువంకలు కట్టిన వంతెన మీద ఏడాదికొక్కసారి కలుసుకునే రాత్రి. ఆ సాయంత్రం ప్రదర్శనకి జిల్లా విద్యాశాఖ నుంచి నియె గారనే అధికారిణి వస్తున్నారు. యంత్రం ముసలిదైపోయిందని ఆవిడ తేల్చేస్తే వచ్చే నెలకల్లా నక్షత్రశాల మూసేసి అక్కడ స్కేటింగు పెడతారట.

"పెళ్లికూతురు లేకుండా పెళ్లి కథ ఎలా చెప్పను అన్నయ్యా?" అంది షియావ్ అక్క.

లాయ్ చేతిలో సూది ఆగిపోయింది. నక్షత్రశాల గుమ్మానికి వేలాడే పెద్ద నల్ల తెర పీషియా కుట్టింది. శాల తెరిచిన ఏడాది, ఈ గదిలోనే, నేల నిండా నల్ల గుడ్డ పరిచి. ఆ తర్వాత ఏటా ఏడో రోజున ఇద్దరూ వెళ్లి మూడో వరసలో కూర్చునేవారు. ఈ నాలుగేళ్లుగా లాయ్ ఒక్కడే వెళ్తున్నాడు. పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. శాల కిటకిటలాడిన రోజున కూడా ఎందుకు ఖాళీగా ఉందో అతనికి చాలా కాలం తట్టలేదు. ఆ కుర్చీకి షియావ్ అక్క టిక్కెట్టు అమ్మదు. ఆ మాట ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు.

ఖో లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి ఊరి వైపు అనుమానంగా చూశాడు.

"చుక్కల చోరీ. నేననుకుంటూనే ఉన్నాను. ఈ ఊరి మీదుగా కర్కటరేఖ పోతుంది. ఏడాదికోసారి మధ్యాహ్నం మనిషి నీడ కూడా మాయమవుతుందిక్కడ. నీడల్నే వదలని ఊరు చుక్కల్ని వదులుతుందా? ఇంకో సంగతి. నిజం నేతపడుచు వెలుగు మన దాకా రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఎవడైనా దాన్ని ఇవాళ ఎత్తుకెళ్తే మనకి తెలిసేది పాతికేళ్లకి."

"ఇది బల్బు, ఖో" అన్నాడు లాయ్. "శాల మూసేది వచ్చే నెలకి."

ఆ మధ్యాహ్నమే నేరస్థల పరిశీలన జరిగింది. గుమ్మటం నడుమ యంత్రం రెండు తలల చీమలా నిలబడి ఉంది. మామూలు చుక్కలన్నీ తలకాయల్లోని బెజ్జాల్లోంచి వస్తాయి. బాగా వెలిగే చుక్కలకి మాత్రం దేనికి దానికి బొటనవేలంత గొట్టం ఉంది. యంత్రం భుజం మీద ఆకుపచ్చ పొట్లం ఒకటి ఠీవిగా కూర్చుని ఉంది. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న బుడగల పొట్లం. అది పక్కనుంటే ఏ యంత్రమైనా చెప్పిన మాట వింటుందని అక్కడి నమ్మకం. బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ కూడా పెడతారు. ఆకుపచ్చదే పెట్టాలి, తేదీ దాటకూడదు, ఎవరూ తినకూడదు. ఖో దాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకోబోయాడు. షియావ్ అక్క చేతి మీద ఒక్కటి వేసింది.

"అది ఉండబట్టే ఇన్నేళ్లు నడిచింది. దాన్ని ముట్టుకుంటే మిమ్మల్నే స్వాధీనం చేసుకుంటాను."

భూతద్దంతో ఖో నేలంతా పాకాడు. ఒక గుండీ దొరికింది. చాలాసేపు ముఖం గంభీరంగా పెట్టి దాన్ని పరీక్షించాడు. అది లాయ్ ఉదయం కుట్టుకున్న గుండీ.

తర్వాత దీపాలు ఆర్పి చూశారు. గుమ్మటం నిండా చుక్కలు పొడిచాయి. నేతపడుచు నడినెత్తిన తళతళలాడింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కాసేపటికి ఖో లాయ్ మణికట్టు పట్టుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు గుసగుసగా.

"ఏమిటి?"

"ఆ చప్పుడు. చక్ చక్ చక్ అని. యంత్రం వైపు నుంచి."

లాయ్ చెవులు రిక్కించి విన్నాడు. యంత్రం మోటారు సన్నగా రొద పెడుతోంది. అంతకు మించి ఏమీ లేదు. షియావ్ అక్కని అడిగితే, పిన్ను పడినా వినపడేంత నిశ్శబ్దంగా ఉందని చెప్పింది. అంతలో నేతపడుచు చుక్క గుటుక్కున మాయమైంది. దీపాలు వేసి చూస్తే అద్దం శుభ్రంగా, గొట్టం తిన్నగా, అంతా ఎప్పటిలాగే ఉంది.

"సంకేతం" అన్నాడు ఖో. "ముందు సంకేతం, ఆ వెంటనే చోరీ. పైగా నా ఒక్కడికే వినపడేలా పంపుతున్నారు. నా సంగతి తెలిసినవాళ్ల పనే."

అక్కణ్నుంచి కేసు చెయ్యి దాటిపోయింది. సాయంత్రం టీ తాగుతుండగా లాయ్ ఇంట్లోనే ఖోకి ఆ సంకేతం వినపడింది. ముఠా తన వెనకే వచ్చిందని తేల్చాడు. మర్నాడు మంగలి దుకాణంలో వినపడింది, సగం గడ్డంతో లేచి వచ్చేశాడు. పక్క వీధి గుడి మండపంలో వినపడింది. సీమకోడి అన్నం అమ్మే కూ దుకాణంలో, సరిగ్గా కూ గరిటె ఎత్తినప్పుడే వినపడింది. ప్రతిసారీ పక్కనున్న మనిషి ముఖం చూశాడు. ప్రతి ముఖమూ ఏమీ విననట్టే ఉంది.

"ఊరు ఊరంతా ముఠాయే లాయ్. ఇంత క్రమశిక్షణగల నేరస్థుల్ని నేనెక్కడా చూడలేదు."

"నేను కూడానా?"

ఖో స్నేహితుణ్ని ఎగాదిగా చూసి, ప్రస్తుతానికి అనుమానం లేదన్నాడు. ఆ రాత్రి మాత్రం తలుపుకి గడియ వేసుకున్నాడు.

ముఠా నాయకుడు కూ అని అతని నిర్ధారణ. ఎందుకంటే ప్రదర్శన మొదలయ్యే వేళకి కూ రోజూ దుకాణానికి తడిక వేసి ఎక్కడికో మాయమవుతున్నాడు. ఖో వెంటాడాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని సందుల్లో పొంచి వెంటాడటంతో రెండు స్తంభాలకీ ఒక సైకిలుకీ గుద్దుకున్నాడు. కూ దొరికిన చోటు నక్షత్రశాల చివరి వరస. ఏసీ గాలికి నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. ఎన్నేళ్లుగా వస్తున్నాడో, ఒక్క చుక్క కూడా చూసి ఎరగడు.

"గురక నటనైనా కావచ్చు" అన్నాడు ఖో. ఏళ్ల తరబడి అదే గురక వింటున్నానని షియావ్ అక్క సాక్ష్యం చెప్పినా ఒప్పుకోలేదు.

ఏడో రోజు రానే వచ్చింది. ఖో మధ్యాహ్నమే వెళ్లి, యంత్రం మీద కప్పే తెల్ల దుప్పటి తన మీద కప్పుకుని దాని పాదాల దగ్గర మాటు వేశాడు. అసలే అది ప్రేతాలు లోకం మీదికి వచ్చే నెల. ఆ నెలలో వాటిని పేరు పెట్టి కూడా పిలవరు, మంచి అన్నదమ్ములంటారు. తుడవడానికి వచ్చిన షియావ్ అక్క, తెల్ల దుప్పటి నిట్టూర్చడం చూసింది. అరవలేదు, పారిపోలేదు. వెళ్లి మూడు అగరుబత్తులు వెలిగించి తెచ్చి దుప్పటి ముందు గుచ్చింది. ఒక జామకాయ పెట్టి చేతులు జోడించింది.

"అన్నయ్యా, ఎవరి తాలూకో ఏమో, ఇవాళొక్క రోజు మా జోలికి రాకండి. బయట బల్ల మీద సేమ్యా, బాతుమాంసం కూడా పెట్టాం, సావకాశంగా తినండి" అని చెప్పి వెళ్లిపోయింది.

దుప్పటి అంచు కొంచెం లేచింది. తర్వాత జామకాయ లోపలికి పోయింది.

సాయంత్రానికి శాల నిండింది. పిల్లాపాపలతో జంటలు వచ్చారు. కూ వచ్చి చివరి వరసలో ఒదిగి కళ్లు మూసుకున్నాడు. నియె గారు ముందు వరసలో కూర్చున్నారు. సన్నగా, పొద్దుటి నుంచీ నాలుగు కార్యాలయాలు మూసివచ్చినంత అలసటగా ఉన్నారు. లాయ్ మూడో వరసలో, ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నాడు. లోపలికి వచ్చేటప్పుడు నల్ల తెర అంచుని అలవాటుగా వేళ్లతో తడిమాడు. కుట్టు ఎక్కడా ఊడలేదు.

దీపాలు ఆరాయి. చుక్కలు పొడిచాయి. షియావ్ అక్క గొంతు చీకట్లో మెత్తగా కదిలింది. ఆకాశంలో మగ్గం ముందు కూర్చున్న పడుచు గురించి, ఆమె నేసిన మబ్బుల గురించి, గోవులు కాసుకునే పేదవాడి గురించి చెప్పింది. నేతపడుచు తళతళలాడుతూనే ఉంది. విడదీసిన సంగతి చెప్పింది. ఇద్దరి నడుమా వెలుగుల నది పారిన సంగతి చెప్పింది. సరిగ్గా అక్కడ చుక్క ఆరిపోయింది.

అక్క గొంతు తడబడింది. ముందు వరసలో చిన్న పెన్‌లైటు వెలిగింది. నియె గారు ఏదో రాసుకోవడం లాయ్‌కి కనిపించింది. అతని చెయ్యి తనకి తెలియకుండానే ఖాళీ కుర్చీ చేతిమీదికి వెళ్లింది.

యంత్రం కింద ఖో పరిస్థితి ఇంకా దయనీయంగా ఉంది. సంకేతం అతని నెత్తి మీదే, జానెడు దూరంలో వినపడుతోంది. దొంగ చేతికి అందేంత దగ్గరలో ఉన్నాడు. కానీ మధ్యాహ్నం నుంచి తిన్నది ఒక్క జామకాయ. కడుపు సంకేతాన్ని మించి చప్పుడు చేస్తోంది. కడుపు నోరు మూయకపోతే దొంగ పారిపోతాడు. దుప్పట్లోంచి తల బయటపెట్టి, తను తెచ్చుకున్న నువ్వుల బిస్కత్తుల పొట్లం కోసం చీకట్లో పైకీ కిందికీ తడిమాడు. ఒక పొట్లం తగిలింది. గాలితో ఉబ్బి ఉంది. చప్పుడు కాకుండా తెరుద్దామని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా, చాలా మెల్లగా నొక్కాడు.

ఢామ్మని పేలింది.

చీకట్లో మొక్కజొన్న బుడగలు గుమ్మటం దాకా ఎగిరి, జనం నెత్తిన వానలా రాలాయి. అదే క్షణంలో చల్లటిది, మెత్తటిది, నాలుగు కాళ్లది ఒకటి ఖో బట్టతల మీద దూకింది.

"దొరికాడు" అని కేక పెట్టాడు ఖో. "దొంగ నా నెత్తి మీదున్నాడు. ఎవరూ కదలకండి, నేనూ కదలను."

పైన నేతపడుచు చుక్క మళ్లీ వెలిగింది. అంతకు ముందెప్పుడూ లేనంతగా వెలిగినట్టు లాయ్‌కి తోచింది.

షియావ్ అక్క కథ వదల్లేదు. "గోరువంకలన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టాయి" అంది మైకులో, ఏమీ జరగనట్టు. "వంతెన కట్టడం అయిపోయింది. రాలినవి వాటి ఈకలే, తినొచ్చు."

జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు కుర్చీల కింద ఈకలు ఏరుకున్నారు. కథ పూర్తయి దీపాలు వేసేసరికి యంత్రం పక్కన ఖో విగ్రహంలా నిలబడి ఉన్నాడు. అతని నెత్తి నడిబొడ్డున, కర్కటరేఖ మీద ఊరు కూర్చున్నట్టు, ఒక బల్లి కూర్చుని ఉంది. నోట్లో చిమ్మటపురుగు రెక్క ఇంకా కదులుతోంది. అది ఆ రెక్క మింగి, మెడ ఎత్తి, చక్ చక్ చక్ అంది.

"అదే సంకేతం" అన్నాడు ఖో, పెదవులు కదలకుండా. "అంటే... ఈ అరుపు బల్లిదా? బల్లి అరుస్తుందా?"

శాల మొత్తం అతని వైపు తిరిగింది. చివరి వరసలో కూ లేచి కూర్చుని కళ్లు నులుముకున్నాడు.

"ఎవరండీ ఈయన? బల్లి అరవక కోడి అరుస్తుందా?"

అప్పుడు లాయ్‌కి వెలిగింది. దేశం నడుమ పారే చువోషుయి నదికి దక్షిణాన బల్లులు అరుస్తాయి, ఉత్తరాన అరవవు. రెండూ వేరువేరు జాతులు. ఈ సంగతి దక్షిణాది పిల్లలకి ఉగ్గుపాలతో తెలుసు. ఖో పుట్టి పెరిగిన కీలుంగ్‌లో బల్లి నోరులేని జీవం. ఆక్టోపస్ గుండెలు లెక్కపెట్టినవాడికి గోడమీది బల్లి గొంతు తెలియదు. ఇక్కడికొచ్చి నెలైనా, శాల చీకట్లో ఊపిరి బిగబట్టేదాకా తన మాటల హోరులో అతనికి అది వినపడనే లేదు. ఇక ఊళ్లోవాళ్లంటారా, పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు, అది వాళ్లకి నిశ్శబ్దం కిందే లెక్క.

మిగతాది గొట్టం దగ్గర తేలింది. చీకట్లో నేతపడుచు గొట్టం వెచ్చగా వెలగగానే చిమ్మటలు దాని మీదికి వస్తాయి. వాటి కోసం యంత్రం అడుగు సందులోంచి బల్లి వచ్చి, ముందు ఒక అరుపు అరిచి, అద్దం మీద బోర్లా పడుకుంటుంది. దీపాలు వేస్తే సందులోకి జారుకుంటుంది.

నియె గారు బల్లినీ, ఖోనీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఆవిడ ముఖంలో అలసట కొంచెం సడలింది.

"నాది ఈ ఊరే. చదువుకి ఉత్తరాన తైపే వెళ్లినప్పుడు మొదటి నెలంతా నిద్ర పట్టేది కాదు" అన్నారు. "గదిలో ఏదో తక్కువైనట్టుండేది. ఏమిటో తెలిసేది కాదు. ఇదన్నమాట."

రాసుకున్న వాక్యం కొట్టేశారు. యంత్రం భేషుగ్గా ఉంది, చుట్టూ దోమతెర కట్టించండి, చాలు అన్నారు. వెళ్లబోతూ ఆగి, ఖోని అడిగారు, ఇలాంటి విశేషాలు ఇంకేమైనా తెలుసా అని. అతని జీవితంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఖో చొక్కా సర్దుకున్నాడు. ఇక ఆగలేదు. శుక్రగ్రహం దగ్గర మొదలుపెట్టి శనిగ్రహాన్ని చెరువులో దింపేదాకా జనం బుడగలు నములుతూ కూర్చున్నారు. రేపటి నుంచి ప్రదర్శనకి ముందు రోజుకొక్కటి, ఒక్కటే, చెప్పాలని షియావ్ అక్క షరతు పెట్టింది. పొట్లం కొత్తది ఆయనే కొని తేవాలి, ఆకుపచ్చదే. ఇంకోసారి మంచి అన్నదమ్ముల జామకాయ తింటే ఊరుకునేది లేదు.

"అది మీకెలా తెలుసు?" అన్నాడు ఖో.

"మంచి అన్నదమ్ములు గింజలు ఉమ్మరు, ఖో గారూ."

ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. దొంగ బల్లి అని తనకి మొదటి రోజే తెలుసనీ, నేరస్థుడు తనంతట తను లొంగిపోయేదాకా ఆగడమే తన పద్ధతనీ ఖో వివరించాడు. బల్లి సంగతి క్యాలెండరులో లేకపోవడం మాత్రం అనుమానంగా ఉందన్నాడు. ఆ తేదీ కాగితంలో ఎవరో ఎండుచేప చుట్టుకుని ఉంటారు.

లాయ్ తల ఎత్తి చూశాడు. ఇళ్ల కప్పుల మీద, దాదాపు నడినెత్తిన, అసలు నేతపడుచు ఉంది.

"పాతికేళ్లన్నావు కదూ, ఆ వెలుగుకి" అన్నాడు.

"అటూ ఇటూగా. ఇప్పుడు నీ కంట్లో పడుతున్నది అప్పుడు బయల్దేరిందే."

లాయ్ తలాడించాడు. అప్పుడంటే, నేల నిండా నల్ల గుడ్డ పరుచుకున్న ఏడు. కాలు పెట్టడానికి చోటు లేక అతను మంచం మీంచి మంచం మీదికి దూకితే పీషియా నవ్విన ఏడు. ఆ మాట ఖోకి చెప్పలేదు. చెబితే దానికీ ఒక విశేషం చెబుతాడు.

ఇంటికి వచ్చాక ఖో మెట్లెక్కాడు. విరిగిన మెట్టులో మిగతా సగం కూడా విరిగింది. తర్వాత అంతా సద్దుమణిగింది. లాయ్ టీ కలుపుకుని ముందుగదిలో కూర్చున్నాడు. పీషియా పోయిన దగ్గర్నుంచీ ఈ గదిలో చప్పుడే లేదని అతని నమ్మకం. ఎవరడిగినా ఆ మాటే చెప్పేవాడు.

కిటికీ పైనుంచి చక్ చక్ చక్ అని వినపడింది. కాసేపటికి వంటింటి గోడ నుంచి ఇంకొకటి బదులు పలికింది.

లాయ్ కప్పు కింద పెట్టి వింటూ కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఇవి ఇక్కడే ఉన్నాయన్నమాట.

పైగదిలోంచి ఖో గొంతు వచ్చింది. "లాయ్, కేసు మూసేశామని కింద ఆ ముఠాకి చెప్పు."

"చెప్పాను. వినడం లేదు" అన్నాడు లాయ్.